ఉప్పు లేని నలభై ఎనిమిది రోజులు

పన్నెండింటికి కాగితం ఇస్తామన్నారు. ఇప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు. ఇంకో గంట ఈ ఆసుపత్రి ఇనుప బెంచీ మీద నాయన పక్కన కూర్చోవాలి, కూర్చోవడం నాకేమీ కష్టం కాదు, ఏడాదిగా నేను శ్రద్ధగా చేస్తున్న పని అదొక్కటే. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు. పొద్దున రక్తం తీసిన పిల్లకు మూడు చోట్ల పొడిచినా నరం దొరకలేదు, "ఏంటక్కా, ఒంట్లో రక్తమే పెట్టుకోలేదా" అని తమిళంలో అడిగి నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వు వచ్చి కాదు, ఎదుటివాళ్లు నవ్వితే నవ్వాలన్నది ఇంకా గుర్తుంది కాబట్టి. బయట ధర్మపురి ఏప్రిల్ ఎండ, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా వేడి దుమ్ము లోపలికి వస్తోంది, అందరూ ఫ్యాను కింద చోటు కోసం జరుగుతున్నారు, నేను మాత్రం మా అమ్మాయి రక్ష స్వెటరు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నాను. పదిహేనేళ్ల పిల్ల స్వెటరు, నాకు బొత్తాలు పడవు. నాయన ఒకసారి నన్నూ ఒకసారి ఫ్యానునూ చూశాడు. మా పుట్టినూరు తుంబలహళ్లి నుంచి మొదటి బస్సెక్కి వచ్చాడు. నేను రమ్మనలేదు, రక్ష ఫోన్ చేసి చెప్పిందట.

నాలుగు రోజుల కింద డాక్టరమ్మ నా మెడ మీద రెండు వేళ్లు పెట్టి మింగమంది, మింగాను, ఇంకోసారి అంది, ఇంకోసారి మింగాను. ఇక్కడ వాపు ఉంది చూడండి, థైరాయిడ్ అయుండొచ్చు, ఈ గ్రంథి పని మానేస్తే ఒళ్లూ మనసూ రెండూ మందగిస్తాయి, రక్తం కూడా చూద్దాం, పిచ్చి అని మీకు మీరే పేరు పెట్టుకోకండి, అంది. వెనక ఇరవై మంది వరసలో ఉన్నారు, ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు నేను పేరు పెట్టుకున్నదెక్కడ, ఊరే పెట్టింది, నాకు పదకొండేళ్లప్పుడే పెట్టింది. పాపక్క కూతురు, పాపక్క మా అమ్మ. తెన్మొళి అని మా బడి టీచరమ్మ ముచ్చటపడి పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉంది, అంతే. నీళ్ల దగ్గర నేను కాస్త ఎక్కువసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి పలకరించేవారు, పాపక్క కూతురు కదా, ఒంటరిగా వదలకూడదని. ఇప్పుడా కాగితం వస్తుంది. అందులో ఏముంటుందో తెలిస్తే అమ్మకు ఏమైందో కూడా తెలుస్తుంది. ఇరవై ఏడేళ్లుగా నాకు తెలిసిన జవాబు ఒకటుంది, అది అబద్ధమని తేలాలని ఉంది, తేలకూడదని కూడా ఉంది. నాయన అరటిపండు ఒలిచి ఇచ్చాడు. పట్టుకున్నాను, తినలేదు.

ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేను. ముందు జుట్టు. దువ్వెనలో చుట్టలు చుట్టలుగా వచ్చేది, మా ఆయన సెల్వరాజ్ లారీ మీద నుంచి పది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు, మన సోగత్తూరు ఆడవాళ్లందరి జుట్టూ మన బాత్రూంలోనే ఉందే అని వేళాకోళం చేసేవాడు. తర్వాత గొంతు. బరువెక్కి మొద్దుబారింది, రక్ష క్లాసు టీచరు ఫోనులో నన్ను "సార్, రక్ష అప్పానా" అని, వాళ్ల నాన్ననుకుని అడిగింది, అవునని పెట్టేశాను, ఎవరు వివరిస్తారు. తర్వాత నెల నెలా ఆగకుండా పోయే రక్తం, మెట్లెక్కితే గుండె కొట్టుకోవడం. అదంతా ఒళ్లు, ఒంటి సంగతి ఎవరికైనా చెప్పొచ్చు. తర్వాత వచ్చిందే చెప్పడానికి లేదు. తెల్లవారి కళ్లు తెరవగానే ఏదో ఘోరం జరగబోతోందన్న భయం, ఏం జరగబోతోందో తెలియదు, పెరట్లో నాలుగు ఆవులు అరుస్తుంటాయి, లేచి పాలు పితకాలి, సొసైటీ బండి ఆరున్నరకు వెళ్లిపోతుంది, ఇవన్నీ తెలుసు, కాలు మాత్రం మంచం దిగదు. అన్నం నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేదాన్ని. ఏడుపు వచ్చేది, తర్వాత అదీ రావడం మానేసింది, ఏడుపు మానేసిన రోజు నుంచే నాకు నా మీద భయం. సెల్వరాజ్ చెడ్డవాడు కాదు. నీకేం తక్కువైందే అని అడిగేవాడు, నిజంగానే తెలుసుకుందామని, కొట్టు వాణ్ణి అడిగినట్టు, ఏది తక్కువో చెప్తే తెచ్చిపెడదామని. నాకు ఏది తక్కువో నాకే తెలిస్తే కదా. పోదాం అనిపించేది. ఎక్కడికి అని కాదు, ఊరికే, ఇక్కడ ఉండకుండా.

ఒక సాయంత్రం రక్ష పుస్తకాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "మా, నువ్వు గూడా ఆ అవ్వ మాదిరి పోతావా?" దానికి ఎవరు చెప్పారో, నేను చెప్పలేదు, తుంబలహళ్లిలో ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, చెప్పేవాళ్లకు తక్కువా. పోను అని వెంటనే అనాలి కదా, ఏ తల్లైనా వెంటనే అనేస్తుంది. నేను ఆలోచించాను. నిజంగా కూర్చుని ఆలోచించాను, అది నా మొహంలోకే చూస్తూ నిలబడింది. "పోనులే" అన్నాను చివరికి, ఆ 'లే' దానికి చాలలేదు. మర్నాడు తనే చీటీ వేయించి, తనే నన్ను లాక్కొచ్చి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. నా బాధ ఎంత ఉన్నా, అది బడి సంచి భుజాన తగిలించుకుని వరసలో నా ముందు నిలబడడం తలుచుకుంటే నాకు సిగ్గు. అంతకన్నా చిన్న వయసులో నేనూ ఒకర్ని బతికిద్దామనే అనుకున్నాను.

అమ్మకు మెడ లావుగా ఉండేది. నగ వేసుకుంటే అందంగా ఉంటుందనేవారు మొదట్లో. తర్వాత ఇంకా లావైంది, అప్పుడు మా అవ్వ హొన్నమ్మ, నాయనకు తల్లి, అమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ వాపు నిమిరి "మాట్లన్నీ మింగి మింగి ఇట్లయినాదే నీకు" అనేది. అమ్మ మాట్లాడేది కాదు. ఆవు ముందు చెంబు పెట్టుకుని కూర్చునేది, పొదుగు నిండి ఆవు కాలు మార్చుకునేది, అమ్మ చేతులు ఒళ్లోనే ఉండేవి. ఎండాకాలం కంబళి కప్పుకునేది. నేనిప్పుడు స్వెటరు వేసుకున్నట్టే, అవును, అచ్చం ఇట్లాగే, ఇన్నాళ్లూ ఈ సంగతి నాకెందుకు తట్టలేదు. అమ్మ కన్నా నేనిప్పుడు వయసులో పెద్దదాన్ని, అమ్మను తలుచుకుంటే చిన్న చెల్లెల్ని తలుచుకున్నట్టుంటుంది, కంబళి లాగి దగ్గరకు తీసుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం కోపం వచ్చేది. బడి నుంచి వచ్చేసరికి అందరి అమ్మలూ ఏదో ఒకటి అరుస్తూ ఉండేవారు, మా అమ్మ గోడను చూస్తూ ఉండేది. నన్ను చూడడం ఇష్టం లేదేమో అనుకునేదాన్ని.

నాయన ఊరుకోలేదు, అది నేను ఒప్పుకోవాలి. పాలక్కోడు తీసుకెళ్లాడు, అక్కడ కంపౌండరు సత్తువ సూది వేసి పంపాడు. ఆ సూదికీ లేవకపోయేసరికి ఇక మిగిలింది మా ఇంటి అమ్మవారే. పూజారి అంజనప్ప వచ్చి అమ్మ తల మీద చెయ్యి పెట్టి, ఇది ఒంటిది కాదు, మండలం పట్టాలి అన్నాడు. మండలం అంటే నలభై ఎనిమిది రోజులు. పొద్దు గుంకాక ఒక్క పూట, ఉప్పు లేని రాగి సంగటి, ఉప్పు లేని పప్పునీళ్లు. పాలు ముట్టకూడదు, ఎందుకంటే ఆ రోజుల్లో మా ఇంటి పాలు అమ్మవారివి. ఉప్పు రవ్వ నాలిక మీద పడితే మొక్కు తెగుతుంది, తెగితే ఒంటి మీదికి వచ్చిన అమ్మవారు కోపంతో వెళ్లిపోతుంది, ఒట్టి చేతులతో వెళ్లదు. ఇదంతా నా ముందే చెప్పాడు. పదకొండేళ్ల పిల్ల ఎంత బాగా వింటుందో పెద్దవాళ్లకు గుర్తుండదు. నాయన తనూ ఉప్పు మానేశాడు, అమ్మతో పాటు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ చప్పటి ముద్ద మింగేవారు. అమ్మ మింగలేకపోతే నాయన ముద్దలు చిన్నవి చేసి నోట్లో పెట్టేవాడు. పాపక్కా, ఇంకొన్ని దినాలే, అనేవాడు. ఈ పక్కన కూర్చుని అరటి తొక్క ఎక్కడ పడేయాలా అని చూస్తున్న మనిషే అనేవాడు. "ఆడ డబ్బా ఉండాది నాయనా" అని చూపించాను. లేచి వెళ్లాడు, మోకాలు పట్టుకుని.

మాకు ఉప్పు కొట్టు నుంచి వచ్చేది కాదు. ఆవులకూ మాకూ ఒకే మూట, సంతలో కొన్న రాళ్లుప్పు, కొట్టంలో అటక మీద ఉండేది, ఆవుల కుడితిలో వేసే చెయ్యే చట్టిలోకీ తీసుకునేది. ప్యాకెట్ల పొడి ఉప్పు నాయనకు నచ్చదు, అది ఉప్పు కాదు సున్నం అంటాడు. ఇప్పటికీ మా ఇంటికి తనే తెస్తాడు, సోగత్తూరులో ఉప్పు దొరకనట్టు. ఈ రోజు కూడా ఒక సంచి తెచ్చాడు, బెంచీ కింద ఉంది. ముప్పై తొమ్మిదో రోజున అమ్మ కొట్టంలో నా చెయ్యి పట్టుకుంది. ఎన్నో రోజుల తర్వాత నన్ను పట్టుకుంది, అందుకే అంత గుర్తు. "రవ్వంత ఉప్పు తెస్తావామ్మా, నోరు చచ్చిపోయినాది" అంది. నేను అటకెక్కి చింతగింజంత రాయి తెచ్చి ఇచ్చాను. అమ్మ దాన్ని నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది, చాలాసేపు, ఆ మొహం నాకు ఇప్పుడూ కనిపిస్తుంది, ఆ మొహంలో మా అమ్మ తిరిగి వచ్చింది. నేను బతికించాననుకున్నాను. నలభై ఒకటో రోజు పొద్దున అమ్మ ఇంట్లో లేదు. మా ఊరి డ్యాం నీళ్లలో దొరికింది.

ఎవరో ఉప్పు తగిలించినారు, లేకుంటే ఇట్లయ్యేదే కాదు అన్నాడు అంజనప్ప, అందరి ముందూ. నాయన అందరినీ అడిగాడు. నన్నూ అడిగాడు. "నువ్విచ్చినావా పాపా?" లేదన్నాను. వెంటనే అన్నాను, అప్పుడు మాత్రం ఆలోచించలేదు. ఇక ఇంట్లో మిగిలింది హొన్నమ్మ అవ్వ. కోడలంటే ప్రాణం పెట్టేది కాబట్టి జాలిపడి ఆమే ఇచ్చి ఉంటుందని నాయన అనుకున్నాడు, అవ్వ అవుననలేదు, కాదనలేదు, నా వైపు ఒకసారి చూసి పమిట సర్దుకుంది. నాయన కన్నతల్లితో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. అవ్వ పోయిన రోజు నోట్లో నీళ్లు పోశాడు, అప్పుడూ మాట్లాడలేదు. అది చూస్తూ ఒక మూల నిలబడినదాన్ని నేను. చెప్పొచ్చు కదా, ఒక్క మాట, ఇరవై ఏళ్లదాన్ని, నన్నేం చేస్తాడు. చెప్పలేదు. అమ్మవారి కోపం దిగాలని నాయన ఇంట్లో గుడ్డు, మాంసం, పాలు, పెరుగు అన్నీ మాన్పించాడు, నాలుగు ఆవులున్న ఇంట్లో మజ్జిగ చుక్క లేదు, అంతా సొసైటీకి. బడిలో మధ్యాహ్నం పెట్టే గుడ్డు నేను పక్కన కూర్చునే కుప్పాయికి ఇచ్చేసేదాన్ని. పెళ్లయ్యాక సెల్వరాజ్ ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లు లేరు, అయినా ముట్టలేదు. మా వాళ్లింటి మొక్కు అని చెప్పాను. మొక్కు నాయనది, నాది శిక్ష. తల్లిని చంపినదానికి పాలెందుకు అని, ఇంత మాట పైకి అనుకోలేదు కానీ చెయ్యి గ్లాసు దగ్గరకు పోయేది కాదు. రక్షకు మాత్రం అన్నీ పెట్టాను.

ఇప్పుడా కాగితం వస్తుంది. నా మెడ కూడా అమ్మ మెడే అని అందులో ఉంటే, అమ్మది జబ్బే, ఉప్పు రాయి కాదు, నేను కాదు. ఇరవై ఏడేళ్ల తర్వాత నేను చెయ్యి కడుక్కోవచ్చు. కానీ నేను కాకపోతే, నలభై రోజులు ఒక్క పూట చప్పటి ముద్ద పెట్టి, ఉన్న కాస్త సత్తువా పీల్చి, మందు ఉన్న జబ్బుకు మొక్కు పట్టించి కూర్చున్నదెవరు? ప్రేమగా ముద్దలు చిన్నవి చేసి పెట్టిందెవరు? నేను దించుకున్న బరువు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, పెట్టడానికి ఈ బెంచీ మీద ఇంకెవరున్నారు. పోనీ కాగితంలో ఏమీ లేదని వస్తే? అప్పుడు ఉప్పు నాదే, పిచ్చి నాదే, రేపు రక్షది. ఏ వైపు చూసినా చీకటే. ఇంత దూరం ఆలోచించేసరికి అలసట వచ్చింది, మెడ వాల్చి గోడకు ఆనించాను. నాయన తన కండువా తీసి నా మోకాళ్ల మీద కప్పాడు. "చలేస్తాందా పాపా" అన్నాడు. నేను ఆ కండువా విసిరికొట్టాలనుకున్నాను. అందులోనే మొహం పెట్టి ఏడవాలనీ అనుకున్నాను. రెండూ చేయలేదు.

పన్నెండుంపావుకు పిలిచారు. కాగితంలో అంతా ఇంగ్లీషు, అంకెలు నాకు తెలుసు, కొన్ని అంకెలు లావుగా నల్లగా కొట్టి ఉన్నాయి. లోపల డాక్టరమ్మ దాన్ని పైనుంచి కిందికి చూసి, ఈసారి కుర్చీ నా దగ్గరకు జరుపుకుంది. రక్ష కంటే పదేళ్లు పెద్దదేమో, అంతే. "థైరాయిడ్ అంకె ఐదు దాటకూడని చోట నూటపది ఉందక్కా. బి పన్నెండు విటమిన్ అడుగంటింది, రక్తం ఏడే ఉంది. ఇన్నాళ్లు ఈ ఒంటితో మీరు పాలు పితికారంటే నేను నమ్మలేను" అంది తమిళంలో. రోజూ పొద్దున ఖాళీ కడుపుతో ఒక మాత్ర, కొన్నాళ్లు సూదులు, గుడ్డు, పాలు, ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తం. మనసుకు కూడా ఒక డాక్టరున్నారు, ఆయన దగ్గరికీ వెళ్లాలి, చనిపోవాలన్న ఆలోచన వస్తే నాకైనా ఫోన్ చేయాలి, అంతా ఈ గ్రంథి వల్లే అని నేననను, కానీ చాలా మటుకు ఇదే, తగ్గుతుంది, అంది. తగ్గుతుంది అని ఎంత తేలిగ్గా అంది. ఇంట్లో ఏ ఉప్పు వాడతారని అడిగింది. రాళ్లుప్పు అన్నాను. అదొక్కటే కారణమని చెప్పలేను కానీ అయోడిన్ కలిపిన ప్యాకెట్టు ఉప్పే వాడండి అంది. నాయన చేతిలోని సంచిని కుర్చీ వెనక్కు జరపడం కనిపించింది.

సంతోషించాలి కదా. నేను సంతోషం కోసం లోపల వెతికాను, దొరకలేదు. ఈ ఏడాదంతా నేను ఏడ్చిన ఏడుపు, ఈ భయం, రక్ష ముందు కూర్చుని పోవాలా ఉండాలా అని ఆలోచించిన ఆ సాయంత్రం, అన్నీ ఈ కాగితం మీద ఒక అంకె. మాత్ర వేసుకుంటే పోతుంది. అమ్మ కూడా ఒక అంకె, వేసుకోని మాత్ర. అమ్మ గోడను చూసింది నన్ను చూడడం ఇష్టం లేక కాదు. అమ్మకు మేం ఉప్పు కూడా పెట్టలేదు. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు, ఎవరి మీదా అరవడానికి గొంతూ లేదు.

"ఇది కుటుంబాల్లో వస్తుంది" డాక్టరమ్మ రాస్తూనే అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా మెడ వాపు ఉందా?"

నాయన చెప్పాడు. అరవైతొమ్మిదేళ్ల మనిషి కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, బడిలో పిల్లవాడిలా, తమిళంలో చెప్పాడు. "ఉందమ్మా. మా ఇంటావిడకు. దీని అమ్మకు."

"అయితే ఆమెనూ తీసుకురండి అయ్యా, ఆలస్యం చేయొద్దు. మాత్ర మొదలుపెడితే ఆమె కూడా బాగవుతుంది."

"ఈ మాత్రేనా అమ్మా? కొత్తగా వచ్చిందా?"

"కొత్తదేం కాదు. నేను పుట్టకముందు నుంచీ ఉంది."

నాయన తల ఊపాడు. అర్థమైందని ఊపాడు, చాలాసార్లు ఊపాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని "నాయనా, ఉప్పు రాయి ఇచ్చింది నేనే, అవ్వ కాదు" అన్నాను, మా భాషలో, డాక్టరమ్మకు తెలియకుండా. ఎందుకన్నానో తెలియదు, బరువు తీసుకుందామనో పంచుకుందామనో. ఆయన నా వైపు తిరిగి "మంచి పని చేసినావు పాపా" అన్నాడు, అంతే, మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ఆమె పేరు మీద గూడా ఒక చీటీ రాసియ్యమ్మా" అన్నాడు. "రక్తం తీయడానికి. పాపక్క."

డాక్టరమ్మ ఇంకో కాగితం తీసి పేరు రాసింది. "వయసెంత?"

"ముప్పై రెండు" అన్నాడు నాయన.

ఆమె కలం ఆపి ఆయన తెల్లజుట్టు చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను కాదనాలని ఎదురుచూస్తోంది. "రాయండి" అన్నాను.